కత్తిరించిన మూల

ఎదురింటి దర్జీ ఆవిడ అందిట: "ఆ పెన్సిలమ్మకి పిల్లల్లేరనేగా ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చారు? మరి బస్టాండు దగ్గర బోర్డు మీద ఆవిడ ఒళ్ళో ఉన్నది ఎవరమ్మా, బొమ్మా?" అని.

ఈ మాట ఆవిడ గుమ్మం దాటి వచ్చి ఈ ఇంట్లో అనలేదు. కుట్టడానికి బట్ట ఇచ్చిపోదామని వచ్చిన పాలావిడతో అంది. పాలావిడ తెల్లారి గిన్నెలో పాలు పోస్తూ ఇల్లాలి చెవిన వేసింది. వేసి, "మనకెందుకులెండి ఇవన్నీ" అని కూడా అంది. మనకెందుకులెండి అన్నవాళ్ళెవరూ గడప దిగి వెంటనే వెళ్ళరు. పాలావిడా వెళ్ళలేదు. గిన్నె మీద మూత పెట్టినంతసేపూ ఇంటి లోపలికి మెడ సాచి చూస్తూనే ఉంది.

లోపల చూడ్డానికేమీ లేదు. వెనక గది తలుపు మూసి ఉంది. అంతే.

నిన్న మధ్యాహ్నం బజారుకెళ్ళిన పెన్సిలత్త ఖాళీ సంచితో తిరిగొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. అన్నగారి ఫోటో స్టూడియోలో ఇన్నేళ్ళు నెగటివుల మీద మొటిమలు, ముడతలు, మచ్చలు దిద్దిన మనిషి ఆవిడ. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది కాబట్టి పిల్లలు పెట్టిన పేరు అది. స్టూడియో మూతపడినా పేరు మూతపడలేదు.

"విన్నావా?" అంది ఇల్లాలు కూతురితో, పాలు పొయ్యి మీద పెడుతూ. "వీధి వీధంతా ఇదే. నిన్నటిదాకా మనింటి గుట్టు మన గోడలకి కూడా తెలీదు. నువ్వు దాన్ని బస్టాండులో కట్టించావు."

"నేను కట్టించలేదమ్మా. పరుపుల షాపాయన కట్టించాడు."

"ఆయనకి ఇచ్చిందెవరు?"

అమ్మాయి పొయ్యి మంట తగ్గించింది. ఇచ్చింది తనే. ఆ మాటకొస్తే ఆయనొక్కడికే కాదు, అందరికీ ఇచ్చింది. నాన్న తీసిన ఫోటోలన్నీ స్కాన్ చేసి, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని గ్రంథాలయం సైటులో పెట్టించింది.

ఆ బిడ్డ అత్త కన్న బిడ్డేనని, నెల నిండకుండా పోయాడని, ఫోటో తీసేటప్పటికే ప్రాణం లేదని అమ్మాయికి తెలిసి ఒక్క రాత్రయింది. తల్లి చెబితే తెలిసింది. బోర్డు మీద ఆ బొమ్మ కింద, "ఇంత నిశ్చింతగా నిద్రపోవాలంటే" అని రాసి పరుపుల షాపు పేరు ఉంది. ఉద్యోగానికి పోతూ వస్తూ నాలుగు రోజులుగా అమ్మాయి ఆ బోర్డు చూస్తూనే ఉంది. చూసి సంతోషపడింది కూడా. మూల చిన్న అక్షరాల్లో నాన్న స్టూడియో పేరు వేశారని.

పేరు చెబితే చాలన్నదే షరతు. షాపాయన షరతు తప్పలేదు.

*

ముందు గది ఒకప్పుడు స్టూడియో. ఇప్పటికీ గోడకి బూడిదరంగు తెర వేలాడుతూనే ఉంది. దాని ముందు కుర్చీలో ఫోటోగ్రాఫర్ కూర్చుని ఉన్నాడు. ఆయన చూపు నడిమధ్యలో చీకటి పడిపోయింది. పక్కలు కనిపిస్తాయి, సూటిగా చూసింది కనిపించదు. అందుకే మనుషులతో మాట్లాడేటప్పుడు మొహం కొంచెం పక్కకి తిప్పి కూర్చుంటాడు. తెలియనివాళ్ళు అలిగాడనుకుంటారు.

ఈ పూట నిజంగానే అలిగి ఉన్నాడు.

"మూల కత్తిరించి ఉంటుంది ఆ నెగటివుకి" అన్నాడు. "నీకు కనపడలేదా?"

"కనపడింది నాన్నా. పాతబడి విరిగిందనుకున్నాను. అట్లాంటివి ఇంకా ఉన్నాయి. స్కాన్ చేశాక కంప్యూటర్లో అంచులు సరిచేసేశాను."

"సరిచేసేశావు."

"నువ్వు చెప్పలేదు."

"ఎవరికని చెప్పను? చీకటిగదిలో పనిచేసేది నేనొక్కణ్ణి. దీపం ఉండదు కదా, వేలికి తగలాలని కత్తిరించేవాణ్ణి. మూల తెగి ఉంటే దాన్ని ప్రింటు తీయకూడదు. అంతే లెక్క." బొటనవేలితో చూపుడువేలి కొస తడిమాడు. "చీకట్లో నా వేలు ఒక్కసారీ తప్పలేదు. నువ్వు అంత వెలుతురు పెట్టుకుని చేశావు."

అమ్మాయికి కోపం వచ్చింది. తప్పు తనదైన చోట వచ్చే కోపం మామూలు కోపం కంటే గట్టిగా ఉంటుంది. పెట్టెలన్నీ ఇచ్చెయ్యమన్నది నువ్వు కాదా అని అడిగింది. ఆ రోజు గ్రంథాలయం నుంచి కాగితం తెచ్చి, ఎన్ని రకాల లైసెన్సులతో ఇవ్వొచ్చో ఒక్కొక్కటీ చదివి వినిపించింది తాను. వ్యాపారానికి వాడకూడదని ఒక రకం ఉంది. మార్చకూడదని ఒక రకం ఉంది. అవన్నీ పెడితే బడి పుస్తకాలవాళ్ళు, చిన్న పత్రికలవాళ్ళు కూడా మనకెందుకొచ్చిన తంటా అని ముట్టుకోరని కూడా చెప్పింది. అప్పుడు నాన్న ఏమన్నాడు? "నా దగ్గరుంటే పెట్టెలో బూజు. ఎవరి మొహం వాళ్ళకి చేరనీ. అడ్డేమీ పెట్టకు" అన్నాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టి చూపించమన్నాడు.

"ఆ ఫోను వచ్చినప్పుడు ఏడ్చావు గుర్తుందా?" అంది. ఎక్కడో దూరదేశంలో లారీ తోలే ఒకాయన, తల్లి మొహం ఎరగనివాడు, ఈ బొమ్మల్లో ఆమెను చూసుకుని స్టూడియో పేరు పట్టుకుని వెతికి వెతికి ఫోను చేశాడు. ఏం మాట్లాడాలో తెలియక, ఆ రోజు ఆమె కట్టుకున్న బట్ట ఏ రంగని అడిగాడు. నలుపు తెలుపు ఫోటో. ఫోటోగ్రాఫర్‌కి గుర్తులేదు. లేతాకుపచ్చ అని చెప్పాడు.

"గుర్తుంది" అన్నాడాయన.

"అది కూడా ఈ లైసెన్సు వల్లే కదా."

"కాదన్నానా?"

ఆ మాటతో ఆయన అలక కాస్తా నీరుగారిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు చూసుకున్నాడు, చూసుకున్నట్టు తల వంచాడు.

"ఆస్పత్రి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది మీ అత్త. బిడ్డ ఒళ్ళో ఉన్నాడు. వాళ్ళాయన ఏవో కాగితాలని అక్కడే ఆగిపోయాడు. ఆ తర్వాత కూడా అట్లాగే ఆగిపోయాడులే. నన్ను చూసి, ఒక ఫోటో తియ్యన్నయ్యా, అంది. తీశాను. నెగటివు కడిగి ఆరబెట్టానో లేదో తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. పెదవుల దగ్గర పెన్సిలు వేసింది. నెగటివు మీద అక్కడ పెన్సిలు నింపితే ప్రింటులో నలుపు రాదు. కళ్ళ కింద కూడా వేసింది. చాలాసేపు వేసింది. వేసి నా చేతికిచ్చి, దీన్నెప్పుడూ ప్రింటు తీయకు అంది. ఆమె ఎదుటే మూల కత్తిరించాను."

"అంత కష్టపడి దిద్ది, తీయొద్దందా?"

"అడగలేదు నేను."

అందుకనే ఆ బిడ్డ అంత హాయిగా నిద్రపోతున్నట్టు ఉన్నాడు. ఊళ్ళో అందరి మొహాలూ బాగుచేసిన చెయ్యి, సొంత బిడ్డ దగ్గర ఎంత మనసు పెట్టి ఉంటుంది. షాపాయన అన్ని వేల బొమ్మల్లో ఏరి ఏరి దీన్నే తీసుకున్నాడంటే కారణం అదే.

అమ్మాయికి గోడ మీది తెర వైపు చూడబుద్ధి కాలేదు. స్కాన్ చేసేటప్పుడు ఆ బొమ్మ కంప్యూటర్ తెర మీద తేలగానే అత్తని గుర్తుపట్టింది. నవ్వుకుంది కూడా. పసిపిల్లల ఫోటోలకి ఎవరి బిడ్డనైనా కదలకుండా ఒళ్ళో పట్టుకుని కూర్చునేది అత్తేనని చిన్నప్పటి నుంచీ తెలుసు. అట్లాంటి బొమ్మలు పెట్టెల నిండా ఉన్నాయి. ఇదీ వాటిల్లో ఒకటనుకుని, 'స్టూడియో సహాయకురాలి ఒడిలో నిద్రపోతున్న శిశువు' అని తన చేత్తో వివరం రాసింది. అత్తకి చూపించి నవ్విద్దామనుకుంది. పనిలో పడి మర్చిపోయింది.

*

గ్రంథాలయంలో డిజిటల్ విభాగం చూసే పెద్దావిడకి అమ్మాయి ఫోను చేసింది. ఆవిడ మంచి మనిషి. విన్నంతసేపూ మధ్యలో మాట్లాడలేదు. మన సైటులోంచి బొమ్మని ఈ గంటలోనే తీసేస్తానంది. మూలలు తెగిన నెగటివులన్నీ పెట్టెల్లోంచి తీసి, వాటి బొమ్మలు కూడా విడిగా పెట్టి, ఒక్కొక్క ఇంటినీ వెతికి అడగాలంది. అది చాలా రోజుల పని, అయినా చెయ్యాల్సిందే అంది.

కానీ ఇప్పటికే తీసుకున్నవాళ్ళ దగ్గర నుంచి లైసెన్సు వెనక్కి లాక్కోవడం కుదరదంది. ఒకసారి అందరికీ ఇచ్చాక ఇచ్చినట్టే. అది తెలిసే కదా మీరు రాసిచ్చారంది.

అయితే ఇంకేం దారి లేదా అని అడిగింది అమ్మాయి. అప్పుడావిడ ఇంకో మాట చెప్పింది. మీ నాన్నగారు ఇచ్చింది ఆయన తీసిన బొమ్మ మీద ఆయనకున్న హక్కు మాత్రమే, అందులో కూర్చున్న మనిషి తరఫున ఇవ్వడానికి ఆయనకి లేదు, మనకీ లేదు, మీ అత్తగారు నాకిది ఇష్టం లేదంటే ఆ షాపాయన వినక తప్పదు, ఆవిడ చేత ఒక్క మాట చెప్పించు, అంది.

ఒక్క మాట. ఆ మూసిన తలుపు వెనక నుంచి.

అప్పటికి ఇల్లాలు తలుపు ముందు రెండోసారి కంచం పెట్టి, మొదటి కంచం తీస్తోంది. మొదటిది పెట్టినది పెట్టినట్టే ఉంది.

"చూడమ్మా" అంది తలుపుతో. "కోపముంటే నా మీద చూపించు. తిండి మీద ఎందుకు? ఆ రోజుల్లో పిల్లల్లేరని వీధిలో చెప్పింది నేనే. వచ్చిన ప్రతివాళ్ళూ ఎట్లా పోయాడు, ఎప్పుడు పోయాడు అని నిన్ను పీక్కు తింటారని చెప్పాను. మీ అన్నయ్య కూడా సరే అన్నాడు. నీ మంచికే అనుకున్నాం."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

ముందు గదిలోంచి ఫోటోగ్రాఫర్, తాను సరే అనలేదని, ఊరుకున్నానని అన్నాడు. ఇల్లాలు కంచం పట్టుకుని అక్కడికి వెళ్ళింది. ఇంట్లో మగవాళ్ళ ఊరుకోవడాలన్నీ చివరికి ఆడవాళ్ళ అబద్ధాలుగా తేలతాయని, ఇవాళ మీ చెల్లెలి ముందు మంచివాడివి కావాలంటే అయిపో, నాకేం అభ్యంతరం లేదని ఆయనకి పుల్ల విరిచినట్టు చెప్పింది. ఆయన మొహం పక్కకి తిప్పాడు. ఆవిణ్ణి సరిగా చూడ్డానికో, చూడకుండా ఉండడానికో ఆయనకే తెలియాలి.

అమ్మాయి తలుపు దగ్గర కూర్చుంది. "అత్తా, నీకిష్టం లేదని ఒక్క మాట చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను" అంది. ఆగింది. మళ్ళీ అంది. "కనీసం ఊఁ అను."

ఊఁ అనలేదు.

ఊరుకోవడమంటే ఒప్పుకోవడమేనని ఆ ఇంట్లో ముందు నుంచీ ఉన్న లెక్క. అమ్మాయి చెప్పులు వేసుకుంది.

*

పరుపుల షాపాయన లావుగా, ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టు ఉంటాడు. తన సరుక్కి తనే ప్రకటన అని వీధిలో వాళ్ళంటారు. అమ్మాయిని చూడగానే లేచి కుర్చీ వేశాడు. మీ నాన్నగారి పేరు సరిగ్గానే వేశాను కదమ్మా, అక్షరాలు చిన్నవయ్యాయంటే పెద్దవి చేయిస్తానన్నాడు.

ఆ బొమ్మ ఎంచుకున్నది తన భార్య అని చెప్పాడు. మాకు పుట్టిన ముగ్గురూ రాత్రంతా ఏడ్చినవాళ్ళేనమ్మా, ఇంత ప్రశాంతంగా పడుకునే బిడ్డ లోకంలో ఉంటాడా అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది, అన్నాడు.

"ఆ బిడ్డ పడుకోలేదండి" అంది అమ్మాయి.

ఇంతకంటే చెప్పనక్కర్లేకపోయింది. షాపాయన నిద్రకళ్ళు పూర్తిగా తెరుచుకోవడం ఆ రోజే ఆమె చూసింది. ఆయన మెల్లగా కూర్చున్నాడు. పరుపు మీద కూర్చున్నానని గమనించి మళ్ళీ లేచాడు.

"ఆవిడ ఉన్నారా? ఆ తల్లి?"

"మా అత్త. మాతోనే ఉంటుంది."

"చూశారా బోర్డు?"

"నిన్న."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఇష్టముందో లేదో రాసిమ్మనలేదు, లైసెన్సు ఉంది కదా అని అడ్డం తిరగలేదు. బోర్డు కట్టిన మనిషికి ఫోను చేసి, పొద్దున్న షాపు తెరిచేలోగా దించెయ్యాలన్నాడు. బల్ల మీదున్న కరపత్రాల కట్టని తిరగేసి, బొమ్మ కిందికి వచ్చేట్టు పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి, మీ అత్తగారికి నా తరఫున ఏం చెప్పమనాలో తెలియట్లేదమ్మా అన్నాడు.

అమ్మాయి తిరిగొస్తూ బస్టాండు పక్క నుంచి రాలేదు. చుట్టు తిరిగి వచ్చింది.

*

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. అమ్మాయి చెప్పులు విప్పకుండానే చెప్పేసింది. గ్రంథాలయంవాళ్ళు సైటులో తీసేశారు. పొద్దున్నకల్లా బోర్డు ఉండదు. ఇంకో రెండు చోట్ల ఎవరో పెట్టుకున్నారు, వాళ్ళకీ కబురు పంపింది, వింటారనే నమ్మకముంది.

ఫోటోగ్రాఫర్ పెద్దగా ఊపిరి వదిలాడు. ఇల్లాలు కళ్ళొత్తుకుంది. ఆ ఇంట్లో నిన్నటి తర్వాత మొదటిసారి ఎవరో ఒకరు కాఫీ పెడతానన్నారు.

అప్పుడు వెనక గది గడియ తీసిన చప్పుడైంది.

పెన్సిలత్త బయటికి వచ్చింది. తల దువ్వుకుంది. ఉతికిన బట్ట కట్టుకుంది. ఎక్కడికో పెద్దమనుషుల ఇంటికి వెళ్ళేట్టు ఉంది. గోడ వారగా ఉన్న చెప్పులు కాలితో ముందుకి లాక్కుంది.

"ఎక్కడికమ్మా ఈ వేళప్పుడు?" అంది ఇల్లాలు.

"బస్టాండుకి."

ఇల్లాలు కూతురి మొహం చూసింది. అమ్మాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "అక్కర్లేదత్తా. అంతా అయిపోయింది. నేను వెళ్ళి మాట్లాడి వచ్చాను."

"విన్నాను."

"మరి ఇంకెందుకు?"

పెన్సిలత్త చెప్పు వేసుకోవడానికి గోడ పట్టుకుంది. నిన్నటి నుంచి మాట్లాడని గొంతు ముందు బొంగురుగా వచ్చింది.

"నెగటివులో వాడి మొహం నల్లగా ఉంటుంది. జుట్టు తెల్లగా ఉంటుంది, ముసలాడి లాగా. నాకు మిగిలింది అదే. ప్రింటు నేనే వద్దన్నాను. అప్పుడు చూడలేననుకున్నాను. తర్వాత చూడాలనిపించింది. కానీ మూల కత్తిరించేశాక అన్నయ్యని ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఫోటోగ్రాఫర్ కుర్చీలో ముందుకి జరిగాడు.

"వాడెట్లా ఉండేవాడో మర్చిపోయాను వదినా" అందావిడ, ఇల్లాలి వైపు తిరిగి. "పెట్టె మూత తీసినప్పుడల్లా చూసుకునేదాన్ని. ఆ నల్ల మొహమే గుర్తుండిపోయింది. ఆ పెట్టె కూడా మిగతావాటితో వెళ్ళిపోయింది. మూల తెగిందాన్ని ఎవరు ముడతారులే అని ఊరుకున్నాను. నిన్న సంచి పట్టుకుని వెళ్తుంటే తలెత్తితే కనిపించాడు. వాడి నుదురు అన్నయ్యది. గడ్డం మీద చిన్న సొట్ట ఉంది. నేను దిద్దింది కాదు, వాడిదే. మనుషులు అటూ ఇటూ పోతూ వాణ్ణి చూస్తున్నారు. బాగున్నాడని ఒకామె అంది. నాతో కాదు, ఇంకొకామెతో."

ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అత్తా" అంది అమ్మాయి. "నువ్వు తలుపేసుకుని కూర్చున్నావు. నీకు కోపం వచ్చిందనుకున్నాం. ఎంత అడిగినా మాట్లాడలేదు. వాడి బొమ్మ పెట్టి పరుపులమ్ముకుంటుంటే ఎట్లా ఊరుకోమంటావు? నీ కోసమే కదా తీయించాను."

పెన్సిలత్త రెండో చెప్పు కూడా వేసుకుంది. మేనకోడలి చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"అడక్కుండా పెట్టావు. అడక్కుండా తీసేశావు. వాడు ఎవరి బిడ్డే?"